నరికిన చోటే మళ్ళీ అడవి

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళంతా నయాగరా జలపాతం గురించి రాస్తారు. లేకపోతే న్యూయార్కులో దివిటీ పట్టుకు నిలబడ్డ విగ్రహం గురించి రాస్తారు. ఆ రెండూ మేమూ చూశాం, ఫోటోలూ దిగాం. బాగానే ఉన్నాయి, కాదనను. కానీ ఇంటికొచ్చి సూట్‌కేసులు అటకెక్కించాక నా మనసులో మిగిలిపోయింది మాత్రం మిషిగన్ రాష్ట్రంలోని ఒక అడవి. అక్కడ పేరున్న గుడి లేదు, కొండ లేదు. నూరేళ్ళ కిందట మనుషులు మొదలంటా నరికేసిన చోట, ఎవరూ పిలవకుండానే మళ్ళీ మొలిచిన చెట్లున్నాయి.

మా తమ్ముడు డెట్రాయిట్ పక్కన ట్రాయ్ అనే ఊళ్ళో ఉంటాడు. కార్ల కంపెనీల పుణ్యమా అని అటువైపు తెలుగువాళ్ళు బోలెడంతమంది. 2023 అక్టోబరులో, బతుకమ్మకి ముందు వారం, మేము అక్కడున్నాం. తంగేడు పువ్వు లేకుండా బతుకమ్మని ఎలా పేర్చాలా అని నేనూ మరదలూ తలలు పట్టుకుంటుంటే, మా మేనకోడలు చిట్టి రోడ్డు పక్కన పడావు పడ్డ పొలం చూపించి "అత్తా, ఆ పసుపు పువ్వు పనికిరాదా?" అంది. గోల్డెన్‌రాడ్ అంటారట. సేద్యం వదిలేసిన భూమిలోకి తొందరగా వచ్చి కూర్చునే మొక్కల్లో అదొకటిట. దూరం నుంచి చూస్తే అచ్చం తంగేడే. ఆ ఏడు మా బతుకమ్మకి పసుపు అదే ఇచ్చింది.

చిట్టి అక్కడి యూనివర్సిటీలో జీవశాస్త్రం చదువుతోంది. "అత్తా, నువ్వు అడవి పిల్లవి కదా, నీకు మా అడవి చూపిస్తా" అని పట్టుబట్టింది. అడవి పిల్లనంటే ఏమీ లేదు. మా నాన్నగారు ఆదిలాబాద్ జిల్లా జన్నారంలో కలప డిపోలో పనిచేశారు. నేను పుట్టి పెరిగింది టేకు దుంగల వాసనలో. దుంగ చివర సుత్తితో కొట్టిన ముద్ర చూసి అది ఏ కూపులోంచి వచ్చిందో నాన్నగారు చెప్పేవారు. పెళ్ళయ్యాక నిర్మల్ వచ్చేశాను. అక్కడా అంతే, బీడీ ఆకు, కొయ్యబొమ్మ, అన్నీ అడవి సొమ్మే.

శనివారం పొద్దున్నే పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ కట్టుకుని బయల్దేరాం. మావారు, తమ్ముడు ముందు సీట్లో. ఆడవాళ్ళం ముగ్గురం వెనక. ఉత్తరానికి పోయే పెద్ద రోడ్డు మీద గ్రేలింగ్ అనే చిన్న ఊరికి మూడు గంటల ప్రయాణం. మొదటి సగం పొలాలు, ఫ్యాక్టరీలు. సాగినా అనే ఊరు దాటుతుంటే తమ్ముడు, "బావా, ఒకప్పుడు ఈ నది పొడుగునా కోత మిల్లులే ఉండేవట" అన్నాడు. ఆ తరవాత పొలాలు తగ్గి చెట్లు మొదలయ్యాయి. ఇక చెట్లే చెట్లు.

అక్టోబరు రెండో వారం అక్కడ ఆకు రంగు మారే రోజులు. మేపుల్ చెట్లు కుంకుమ పోసినట్టున్నాయి. ఓక్ చెట్లు ఇటుక రంగు. వాటి మధ్య నల్లని ఆకుపచ్చతో పైన్ చెట్లు. మన సరుగుడు ఆకులా సూదులుంటాయి వాటికి. ఇవి కాక పెద్ద పెద్ద పట్టీలుగా నిమ్మపండు పసుపు. చిట్టి ఆ పసుపు చూపించి, "అది ఆస్పెన్ అత్తా. అంత మేర ఒకే రంగు, ఒకే ఎత్తు కనపడిందంటే అక్కడ ఎప్పుడో గొడ్డలో నిప్పో పడిందన్నమాట" అంది. ఆ మాట విన్నాక నేను రంగులు చూడ్డం మానేసి గొడ్డలి ఎక్కడెక్కడ పడిందో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లెక్క తప్పిపోయింది, అంత పసుపు ఉంది.

అసలు సంగతేమిటంటే, మిషిగన్ అంటే ఒకప్పుడు వైట్ పైన్ అడవి. 150 అడుగుల ఎత్తు, ఇద్దరు ముగ్గురు చేతులు కలిపితేగాని అందని లావు. తేలికైన కలప, నీళ్ళలో బాగా తేలుతుంది. 1840ల నుంచి నరకడం మొదలుపెట్టి, 1870 మొదలు ఓ ముప్ఫయ్యేళ్ళు దేశానికంతటికీ ఎక్కువ కలప ఇచ్చిన రాష్ట్రం అనిపించుకుంది. చెట్టు లేని పచ్చిక మైదానాల్లో చాలా ఇళ్ళు ఈ కలపతో లేచినవే. 1910 వచ్చేసరికి పైన్ అయిపోయింది. నరికిన వాళ్ళు కొమ్మలు, ఆకు అక్కడే వదిలేసి పోయేవారు. ఎండాకాలం అది చితిపేర్చినట్టుండేది. 1871 అక్టోబరు 8న షికాగో నగరం తగలబడిందని చరిత్ర పుస్తకాల్లో ఉంది కదా. అదే రోజు సరస్సుకి ఇవతల మిషిగన్‌లో హాలండ్, మానిస్టీ ఊళ్ళు కాలాయి. విస్కాన్సిన్‌లో పెష్టిగో అనే కలప ఊరు వెయ్యిమందికి పైగా మనుషులతో సహా బూడిదైంది. షికాగో పెద్ద నగరం గనక దాని పేరే నిలిచింది. కూలివాళ్ళ ఊళ్ళ సంగతి ఎవరికి గుర్తుంటుంది!

గ్రేలింగ్ ఊరికి ఆ పేరు ఒక చేప వల్ల వచ్చింది. దుంగల్ని వరదనీళ్ళలో నదిలోకి తోసేస్తుంటే, ఆ ఒరిపిడికి చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళ మడుగులు చెడిపోయాయి. 1930లు గడవకముందే మిషిగన్‌లో ఆ చేప లేకుండా పోయింది. ఊరి పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ చేపని మళ్ళీ తెచ్చే ప్రయత్నం చేస్తున్నారని తమ్ముడు చెప్పాడు.

ఊరికి కాస్త పైన హార్ట్‌విక్ పైన్స్ అనే ప్రభుత్వ వనం ఉంది. గొడ్డలి పడని పాత అడవి ముక్క ఒకటి అందులో ఉంది, 49 ఎకరాలు. అంతే మిగిలింది. అది మిగలడం వెనక ఒక ఆడమనిషి ఉంది. కారెన్ హార్ట్‌విక్ అని, కలప కంపెనీ భాగస్వామి కూతురు. భర్త ఎడ్వర్డ్ హార్ట్‌విక్ మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి 1918లో అక్కడే జబ్బుచేసి పోయాడు. ఆవిడ 1927లో తండ్రిగారి కంపెనీ నుంచి 8 వేల పైచిలుకు ఎకరాలు కొని, భర్త పేరు పెట్టమని రాష్ట్రానికి ఇచ్చేసింది. అందులో నరకని పైన్ 85 ఎకరాలు. 1940 నవంబరులో వచ్చిన పెద్ద గాలివానకి దాంట్లో 36 ఎకరాలు పడిపోయి, ఈ 49 మిగిలింది. అన్నిటికన్నా ఎత్తయిన చెట్టుని రాజు అనేవారట. 1992లో గాలికి దాని తల విరిగింది, 1996కల్లా ఎండిపోయింది. నరక్కుండా దాచుకున్నంత మాత్రాన అడవి మన అలమారాలో చీరలా ఎప్పటికీ అలాగే ఉండదన్నమాట. మూడువందల ఏళ్ళు దాటిన చెట్లు మరి.

లోపలికి చక్కటి బాట వేశారు, మైలుంబావు ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న నాకే ఇబ్బంది లేకపోయింది. కింద సూదుల పరుపు, అడుగు చప్పుడు కూడా వినపడదు. ఒక రెమ్మ రాలి ఉంటే తీసి చూశాను. వైట్ పైన్‌కి సూదులు ఐదేసి చొప్పున కట్టలుగా ఉంటాయి, రెడ్ పైన్‌కి రెండేసి. అంత సులువు గుర్తు. మావారు మెడ వెనక్కి వాల్చి వాల్చి చూసి, "ఒక్క చెట్టుకి మన ఇంటి తలుపులు, దూలాలు అన్నీ వస్తాయి" అన్నారు. ఆయన చూపు ఎప్పుడూ అంతే.

అక్కడే దుంగలతో కట్టిన మ్యూజియం ఉంది. కలప కూలీల శిబిరం ఎలా ఉండేదో చూపిస్తారు. మా ఆడవాళ్ళం ముగ్గురం ఎక్కువసేపు నిలబడింది వంటశాలలోనే. యాభై, డెబ్బై మందికి వంట. తెల్లవారకముందే రొట్టెలు, చిక్కుడు గింజలు, ఉప్పు పట్టించిన పంది మాంసం, బంగాళాదుంపలు, ఎండబెట్టిన ఆపిల్ ముక్కలతో తీపి వంటకాలు. వంట బాగుండే శిబిరానికే కూలీలు వెళ్ళేవారట, అంచేత వంటమనిషికి మేస్త్రీతో సమానంగా మర్యాద. భోజనాల దగ్గర మాట్లాడకూడదని నియమం. మాటలు పెరిగితే తగువులు పెరుగుతాయి, పని ఆలస్యమవుతుంది. "ఈ నియమం మన ఇళ్ళల్లో పెడితే ఎంత బాగుణ్ణు" అని మరదలు నిట్టూర్చింది.

నరకడమంతా చలికాలంలో. రాత్రిళ్ళు బండితో నీళ్ళు చల్లి దారిని గాజులా గడ్డకట్టించి, దాని మీద మంచుబళ్ళలో దుంగలు లాగేవారు. వేసవిలో లాగడానికి పదడుగుల ఎత్తు చక్రాలు. బయట ఒక జత నిలబెట్టి ఉంచారు, దాని పక్కన మా తమ్ముడు చిన్నపిల్లాడిలా ఉన్నాడు. ఇంకోచోట దుంగ చివర కొట్టే ఇనప సుత్తి, ముద్రతో సహా. నాకు కాళ్ళు కదల్లేదు. నాన్నగారి చేతిలో ఉండేది ఇదే. నదిలో వందమంది దుంగలు కలిసిపోయినా ముద్ర చూసి ఎవరివి వాళ్ళు తీసుకునేవారట. ఎక్కడ జన్నారం, ఎక్కడ మిషిగన్!

బయటికొచ్చి బల్ల మీద పులిహోర తింటుండగా అసలు పాఠం జరిగింది. ఎదురుగా ఆస్పెన్ తోపు. గాలి లేదు గాని ఆకులు మాత్రం గలగలా ఆడుతున్నాయి, మన రావాకులాగా. చిట్టి ఒక ఆకు తెచ్చి కాడ చూపించింది. గుండ్రంగా కాక రిబ్బన్‌లా బల్లపరుపుగా ఉంది. అందుకే ఆ వణుకు. "అత్తా, ఈ తోపంతా ఒక్కటే చెట్టు అయినా అయ్యుండొచ్చు" అంది. వేరు ఒకటే, దాని నుంచి లేచిన పిలకలే ఈ మానులన్నీ. అరటిగెల కోసి తల్లిచెట్టు నరికితే పక్కన పిలక లేవదూ, అలాగన్నమాట. పైనున్న చెట్టు నుంచి వేరుకి ఒక రసం దిగుతూ ఉంటుందిట. అది దిగుతున్నంతకాలం వేరు ఊరుకుంటుంది. చెట్టు కొట్టేసేసరికి రసం ఆగిపోతుంది, నేల మీద ఎండ పడి వేరు వెచ్చబడుతుంది. ఇక ఎకరానికి పదివేలకి పైగా పిలకలు ఎగదన్నుకొస్తాయి. మొదటి వేసవికే నడుం దాటి, ఒక్కోచోట మనిషెత్తు. తరవాత వాటిలో అవే వెలుతురుకి పోటీపడి చాలా మటుకు చచ్చి, గట్టివి మిగులుతాయి. ఎవరూ నాటలేదు, నీళ్ళు పొయ్యలేదు.

నాకు వెంటనే తునికి గుర్తొచ్చింది. బీడీ ఆకు కోసం మాఘ, ఫాల్గుణాల్లో తునికి పొదలు కొట్టేస్తారు కదా. కొట్టిన చోటే లేతాకు దండిగా వస్తుంది. దున్నినా, కాల్చినా వేరు చావదు. మోదుగ కూడా వేరు నుంచి లేస్తుంది. టేకు అయితే నరికిన మొదలు నుంచే చిగురిస్తుంది. నేనీమాట చెప్పగానే చిట్టి ఎగిరి గంతేసింది. "కానీ అత్తా, పైన్ అలా చిగురించదు" అంది. వైట్ పైన్ నరికితే ఇంతే సంగతులు. మోడు మోడుగానే ఉంటుంది. విత్తనం రావాలి. కాయ ముదరడానికి రెండేళ్ళు, బాగా కాసే ఏడు మూడు నుంచి ఐదేళ్ళకోసారి. ఆ విత్తనం గాలికి ఎగిరొచ్చి పడడానికి దగ్గర్లో తల్లిచెట్టు ఉండాలి. ఒక్కటీ మిగల్చకుండా నరికిన చోట తల్లి ఎక్కణ్ణించి వస్తుంది?

ఇక్కడ మా ఇంటి రామాయణం కొంత చెప్పాలి. ఖానాపూర్ దగ్గర మావారి ఊళ్ళో గుట్ట పక్కన మాకు రెండెకరాలుంది. మామగారు పోయాక దున్నిన వాళ్ళు లేరు. తునికి, మోదుగ, మధ్యమధ్య పాత టేకు మొదళ్ళకి వచ్చిన చిగుళ్ళతో పిచ్చిగా పెరిగింది. దాన్ని యంత్రం పెట్టి చదును చేయించి జామాయిల్ వెయ్యాలని మావారి పట్టు. నాలుగేళ్ళకి కోతకొస్తుంది, డబ్బు చేతికొస్తుంది. పెద్దమ్మాయి పెళ్ళి ఎదురుగా ఉంది. ఆ మాట కాదనడానికి నా దగ్గర జవాబు లేదు. నా మనసు మాత్రం ఒప్పుకోలేదు. అమెరికా వెళ్ళేముందు రెండు నెలలు మా ఇంట్లో ఇదే గొడవ. ఆస్పెన్ తోపు కింద కూడా మావారు వదల్లేదు. "జామాయిల్ కూడా నరికితే మొదలు నుంచి చిగురిస్తుంది, నీ ఆస్పెన్ కన్నా తీసిపోయిందా?" అన్నారు. నిజమే. అది అబద్ధం కాదు.

దానికి జవాబు నేను చెప్పలేదు, తోపు చెప్పింది. చిట్టి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి కింద చూడమంది. ఆస్పెన్ల నీడలో మోకాలెత్తు, నడుమెత్తు మేపుల్ మొక్కలు, ఓక్ మొక్కలు, అక్కడక్కడా ఐదు సూదుల వైట్ పైన్ పిల్లలు. ఆస్పెన్ బతికేది మన మనిషి ఆయుష్షు అంత, అరవై డెబ్బై ఏళ్ళు. అది ముసలిదయ్యేసరికి కింద పెరిగినవి పైకొస్తాయి. వైట్ పైన్‌కి ఈ నీడ మంచిది కూడానట. పట్టపగటి ఎండలో పెరిగితే ఒక రకం పురుగు చిటారుకొమ్మ తొలిచేస్తుంది, చెట్టు పంగలుగా వంకరపోతుంది. సగం నీడలో ఆ పురుగు రాదు, మాను నిటారుగా పోతుంది. పెద్దమ్మ కొంగు చాటున పెరిగిన పిల్లలా అనుకోండి. జింకలు చలికాలం మేసెయ్యకుండా ఉంటేనే అనుకోండి, ఆ బాధ అక్కడా ఉంది. హెమ్లాక్ అనే చెట్టయితే జింకల నోటి వల్లే చాలాచోట్ల తిరిగి లేవడం లేదట.

ఇదంతా వీళ్ళకెలా తెలిసిందని అడిగాను. ఇంకా ఉత్తరాన పెల్స్టన్ దగ్గర చిట్టి వాళ్ళ యూనివర్సిటీకి ఒక పరిశోధనా కేంద్రం ఉంది. 1909లో, నరికి కాల్చి పారేసిన నేలలోనే పెట్టారు. అక్కడ ఒకే రకం నేలలో పక్కపక్కన ముక్కలు తీసుకుని, 1936లో ఒకటి, 1948లో ఒకటి, ఆ తరవాత 1954, 1980, 1998, 2017లో ఒక్కోటి, కావాలని నరికి కాల్చి వదిలేశారు. ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి నడిస్తే ఇంట్లో ఆల్బం తిప్పుతున్నట్టేనట, పసిపిల్ల, గౌను పిల్ల, ఓణీ పిల్ల, పెళ్ళికూతురు. 2008లో ఇంకో పని చేశారు. 6,700 ఆస్పెన్, బిర్చ్ చెట్లకి చుట్టూ బెరడు వలిచి నిలువునా చావనిచ్చారు. పెద్దవి పోతే అడవి కుంగిపోతుందా, కింద ఉన్నవి అందుకుంటాయా అని. కొద్ది ఏళ్ళలోనే కిందవి అందుకున్నాయి. చేసింది క్రూరంగానే తోచింది నాకు, కానీ తెలిసింది మంచి సంగతి.

అడవంతా దానంతటదే వచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. తిరుగు ప్రయాణంలో కారులోంచి చూస్తుంటే రెడ్ పైన్లు బళ్ళో ప్రార్థనకి నిలబెట్టిన పిల్లల్లా వరసలుగా కనిపించాయి. అవి నాటినవి. 1930ల కరువు రోజుల్లో పనిలేని కుర్రాళ్ళకి ప్రభుత్వం పని కల్పించి, 1933 నుంచి 1942 దాకా ఆ ఒక్క రాష్ట్రంలోనే 48 కోట్ల మొక్కలు నాటించింది. అంతకుముందు ఆ నేలని వ్యవసాయానికని అమ్మజూశారు. ఇసక నేల, నాలుగు పంటలకే సత్తువ పోయింది. కొన్నవాళ్ళు పన్ను కట్టలేక వదిలేసి పోతే భూమి రాష్ట్రానికి వచ్చింది. ఎవరికీ పనికిరాదని వదిలేసిన ఆ భూములే ఇప్పటి ప్రభుత్వ అడవుల్లో ఎక్కువ భాగం. నాటినవీ మొలిచినవీ కలిపి మిషిగన్‌లో ఇప్పుడు దాదాపు రెండు కోట్ల ఎకరాల అడవి, రాష్ట్రంలో సగానికి పైనే.

ఆ రాత్రి గ్రేలింగ్‌లోనే చిన్న హోటల్లో ఉన్నాం. మరదలు బ్యాగులోంచి క్రాన్‌బెర్రీ పచ్చడి సీసా తీసింది. అమెరికాలో మనవాళ్ళందరిళ్ళల్లో ఉండే పచ్చడే, చింతకాయకి చెల్లెలు. ఆవపిండి కాస్త ఎక్కువైనా పెరుగన్నంలోకి అదిరింది.

మర్నాడు ఆదివారం, సరిగ్గా అక్టోబరు 8. డివార్డ్ అనే చోటికి మట్టిదారిలో వెళ్ళాం. ఫ్రెడరిక్ అనే పల్లె దాటి, మానిస్టీ నది పక్కన. అక్కడ ఒకప్పుడు ఊరుండేదంటే నమ్మలేం. డేవిడ్ వార్డ్ అనే కలప ఆసామి 1900లో పోతూ, తన ఆస్తంతా పన్నెండేళ్ళలో అమ్మి వారసులు పంచుకోవాలని వీలునామా రాశాడు. ఆ ఆస్తి ఏమిటంటే, కింద మిషిగన్‌లో మిగిలిన ఆఖరి పెద్ద వైట్ పైన్ అడవి. పన్నెండేళ్ళ గడువు! వారసులు ఊరు కట్టారు, పెద్ద మిల్లు పెట్టారు, రైలు వేశారు, 1912కల్లా ఆఖరి దుంగ కోసేశారు. ఊరు ఖాళీ. పంపకాల తొందర అడవుల్ని కూడా తింటుందని నాకు ఇక్కడే తెలిసింది. మన ఊళ్ళల్లో అన్నదమ్ముల పంపకానికి మామిడితోపులు పడిపోవడం చూడలేదూ!

అక్కడ మాత్రం అడవి రాలేదు. విశాలమైన మైదానం, అందులో నల్లగా, బూడిదరంగుగా మోళ్ళు. నూట పదేళ్ళు దాటినా కుళ్ళలేదు, పైన్ మొదట్లో అంత జిగురుంటుంది. కొన్నిటి మీద కాలిన మచ్చలు అలాగే ఉన్నాయి. నేలమీద తెల్లటి పాచి, కాలు వేస్తే అప్పడంలా పటపటలాడుతోంది. నరికాక నిప్పు మళ్ళీ మళ్ళీ పడి పైనున్న ఆకుమన్ను కాలిపోయింది. మిగిలింది ఇసక. విత్తనమిచ్చే తల్లిచెట్టు లేదు. గుంట నేల గనక చల్లగాలి దిగి, మొలకెత్తిన వాటిని వేసవిలో కూడా మంచు మాడ్చేస్తుందిట. అంచుల్లో మాత్రం జాక్ పైన్లు ఒకటొకటిగా లోపలికి అడుగేస్తున్నాయి. వాటి కాయలు జిగురుతో మూసుకుని ఏళ్ళతరబడి కొమ్మకే ఉంటాయి. యాభై డిగ్రీల వేడి తగిలితేగాని తెరుచుకోవు. అంటే నిప్పు కోసం దాచుకున్న విత్తనమన్నమాట. ఆ లేత జాక్ పైన్ల కింద నేలమీద మాత్రమే గూడు కట్టుకునే పసుపు పొట్ట పిట్ట ఒకటుంది, కిర్ట్‌లాండ్ వార్బ్లర్ అని. 1974లో పాడే మగపిట్టలు 167 మాత్రమే లెక్కకొచ్చాయి. లేత చెట్లు ఎప్పుడూ ఉండేలా చూసుకుంటూ పెంచితే రెండు వేల జంటలు దాటి, 2019లో ప్రమాదం జాబితా నుంచి పేరు తీసేశారు. మేము వెళ్ళేసరికి పిట్టలు చలికి బహామా దీవులకి వెళ్ళిపోయాయి. మాకు దాని బొమ్మ ఉన్న కప్పు దొరికింది, కొన్నాను.

మావారు ఒక మోడు మీద చెయ్యేసి చాలాసేపు నిలబడ్డారు. "నిన్నటి చోటికీ దీనికీ దూరం ఎంత?" అని తమ్ముణ్ణి అడిగారు. కారులో అరగంట పైచిలుకు అన్నాడు వాడు. ఆయన ఇంకేమీ అనలేదు. నేనూ కదిలించలేదు. పాతికేళ్ళ కాపురంలో ఆమాత్రం తెలుసుకున్నాను.

ఇంటికొచ్చాక చర్చ మళ్ళీ మొదలైంది, ఈసారి కాగితం మీద. జామాయిల్‌కి ఎంతవుతుంది, ఎంతొస్తుంది. పడావు నేల మీద ఏమొస్తుంది. తునికాకు కట్టలకి చిల్లర డబ్బులు, టేకు కొట్టాలంటే ఆఫీసు పర్మిషను. నేను లెక్కలో ఓడాను, దాంట్లో సందేహం లేదు. చివరికి ఒక ఎకరం జామాయిల్‌కి ఇచ్చాం. గుట్టకి ఆనుకున్న ఎకరం యంత్రం తగలకుండా వదిలాం. మేకలు దూరకుండా ఆ ఎకరానికి ముళ్ళకంప నాటించే ఖర్చు నా చీటీ డబ్బుల్లోంచి. వేసవిలో నిప్పు పాకకుండా చుట్టూ ఆకు ఊడ్పించాలని పాలేరుకి చెప్పాం. ఒకసారి మేకలు దూరాయి, మోదుగ జోలికి పోలేదుగాని లేత టేకు చిగుళ్ళు రెండు కొరికేశాయి.

2025 మార్చి ఆఖరున తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ ఉత్తరం జిల్లాల్లో వాన పడుతూ పడుతూ కొమ్మల మీదే గడ్డకట్టి, ఆ బరువుకి లక్షల ఎకరాల్లో చెట్లు విరిగాయట. రోజుల తరబడి కరెంటు లేదు. ఆస్పెన్లు, పైన్లు అన్నీ తలలు తెగి నిలబడ్డాయని చిట్టి ఏడుపుగొంతుతో చెప్పింది. "వేళ్ళు ఉన్నాయి కదే" అన్నాను. "ఆస్పెన్‌కి ఉన్నాయత్తా, పైన్‌కి?" అంది. కింద పిల్లమొక్కలు మంచులో కప్పబడి ఉంటే మిగిలే ఉంటాయి, కరిగాక వెళ్ళి చూసి రమ్మన్నాను.

ఆ ఉగాది వెళ్ళి మా ఎకరం చూసొచ్చాం. పాత టేకు మొదళ్ళు పదకొండు, ప్రతి దాని నుంచి మూడు నాలుగు చిగుళ్ళు లేస్తే మావారే కత్తితో ఒక్కొక్కటి గట్టిది ఉంచి మిగతావి తీసేశారు. తునికి లెక్కలేనంత. ఎవరూ వెయ్యని ఇప్ప మొక్కలు రెండు కనపడ్డాయి, గుట్ట మీది చెట్టు నుంచి ఏ గబ్బిలమో తెచ్చి పడేసి ఉంటుంది. మావారు వాటి పక్కన ఒక్కో కర్ర పాతి, పాత చీరపేలిక కట్టి గుర్తు పెట్టారు.